మాది కాదన్న కొడవలి

పెండ్లికొడుకును చేశాక చేతిలో కటారి లేకుండా వాకిలి దాటకూడదని యాలాల్ ఊరి కురుమల కట్టు. మొనకు నిమ్మకాయ గుచ్చిన ఆ జానెడు కత్తిని పుస్తె కట్టేదాకా వదలకూడదు, వదిలితే ఏ గాలో ధూళో సోకుతుందని భయం. ఆ కటారి మహా గొప్పదేం కాదు. తరానికోసారి దుమ్ము దులిపి తీస్తారు, నిమ్మకాయ తప్ప అది కోసిన పాపాన పోలేదు. అయినా హన్మమ్మ దాన్ని కొడుకు చేతికి ఇవ్వనని భీష్మించుకు కూర్చుంది.

ఆమె తమ్ముడు భీమప్ప పిల్లవాడికి మేనమామ, పెండ్లికి పెద్ద. పెండ్లికూతురి ఊరు పూడూరు వాళ్లు చూస్తే ఏమనుకుంటారని నచ్చజెప్పాడు, దేవునికి కోపమొస్తుందని బెదిరించాడు, చివరికి అరిచాడు. హన్మమ్మ అన్నీ విన్నది. వినడం తప్ప ఆమెకు ఈమధ్య వేరే పనేదీ చేతకావడం లేదు. ఎవరైనా ఏడిస్తే చూస్తుంది, నవ్వితే చూస్తుంది. పొయ్యి మీద అంబలి పొంగి నేలపాలైనా అలాగే చూస్తుంది.

ఊరికే అలా అయిందా మనిషి? పోలీస్ యాక్షన్ అయిన కొత్తలో చాటింపు వేసే బిచ్చయ్య ఊరంతా డప్పు కొట్టి చెప్పాడు. కత్తి, బల్లెం, గొడ్డలి, ఏ ఇనుము చేతపట్టుకొని బజార్ల తిరిగినా జైలే అని. పటేలు చదివి వినిపించిన కాగితంలో ఇంకా ఏమేమి ఉన్నాయో బిచ్చయ్యకు గుర్తున్నంతే ఊరికి తెలిసింది. ఆ డప్పు చప్పుడు చెవుల్లోంచి పోకముందే పెద్దకొడుకు శంకరప్ప మేకలకు మండలు కొట్టుకొని, ఉప్పు కోసమని అటునుంచి అటే తాండూరు బజారుకు పోయాడు. కొడవలి నడుముకే ఉంది. ఉప్పు కొన్నాడో లేదో తెలియదు గానీ, మనిషిని మాత్రం ఠాణాలో కూర్చోబెట్టారు.

మరునాడు ఒక జవాను ఆ కొడవలి పట్టుకొని యాలాల్‌కు వచ్చాడు. ఇది నీ కొడుకుదేనా, దేనికి వాడతాడు అని హన్మమ్మను అడిగాడు. అవునంటే కొడుకు జైలుకే అని ఆమె లెక్క. ఏ తల్లికైనా అదే తోస్తుంది. కులదేవుడు బీరప్ప మీద ఒట్టేసి మరీ చెప్పింది.

"మాది కాదు సారూ. మావోడు కొడవలి పట్టనే పట్టడు."

జవాను ఆమెను ఒకసారి ఎగాదిగా చూసి వెళ్లిపోయాడు. గండం గడిచిందని ఆ రాత్రి ఆమె కడుపునిండా తిన్నది. శంకరప్ప మాత్రం రాలేదు. ఠాణా కొట్లో కలరా తగిలింది. పది మందితో పాటు అతనూ పోయాడు. బండి మీద ఇంటికి తెచ్చారు. కోడలు పుట్టింటికి పోయింది. హన్మమ్మ ఏడవలేదు. నేను చెయ్యగలిగింది చేసిన, దేవుడు చిన్నచూపు చూసిండు అనుకుంది. ఆ ఒక్కమాటనే ఆసరా చేసుకొని ఇన్నాళ్లూ నడిచింది.

ఇప్పుడు రెండోవాడు బీరయ్య పెండ్లి. ఎడ్లబండిలో తాండూరు, అక్కడినుంచి రైల్లో వికారాబాదు, మళ్లీ బండిలో పూడూరు. తాండూరు స్టేషన్ ముందు పోలీసు చౌకీ ఉంది. కత్తి పట్టుకొని దాని ముందునుంచి పోవడమంటే కొరివితో తల గోక్కోవడమే. చివరికి మేనమామ తగ్గాడు. కటారి హన్మమ్మ రొండిన దోపుకుంటుంది, రైలెక్కాక పిల్లవాడికిస్తుంది. దేవుడి కన్ను గప్పేది అంతసేపే అని ఒప్పందం కుదిరింది.

చౌకీ దగ్గర బండి దిగారు. బల్ల దగ్గర కూర్చున్న జమేదారు సర్కారు జిల్లాల నుంచి వచ్చినవాడు, నడివయసు మనిషి. మూటలు చూశాడు, వదిలేశాడు. పసుపు బట్టలతో ఉన్న బీరయ్యను చూసి ఆగాడు.

"పొద్దుటినుంచీ నలుగురు పెళ్లికొడుకులు వెళ్లారు. అందరి చేతుల్లోనూ కత్తి ఉంది. నీ చేతిలో లేదేం?"

బీరయ్య నోరు తెరిచేలోపే హన్మమ్మ ముందుకొచ్చింది. మాకు గా ఆనవాయితీ లేదని గడగడా చెప్పింది. కొడుకు ఆమె వైపు చూశాడు. వాడు చిన్నప్పటినుంచీ అబద్ధమాడితే చెవులు ఎర్రబడే రకం.

"ఉన్నది సారూ. మా అవ్వ తాన ఉన్నది."

 వీన్ని కూడా కూర్చోబెడతరు, గంతే అనుకుంది హన్మమ్మ. భయం వేయాల్సినంత వేయలేదు, అదే ఆమెకు వింతగా తోచింది. జమేదారు చెయ్యి చాపాడు. రొండినున్న కటారి తీసి ఇచ్చింది. నిమ్మకాయ నలిగి రసం కారుతోంది.

జమేదారు దాన్ని తిప్పి చూసి, బొటనవేలితో అంచు తడిమి, బీరయ్య చేతిలో పెట్టాడు. పట్టుకో, పెళ్లి తంతుకు అడ్డు లేదన్నాడు. దాచిపెట్టుకుంటేనే ఎవరికైనా అనుమానం వస్తుందని, తల్లిని కాస్త మందలించినట్టే అన్నాడు. భీమప్ప రెండు చేతులూ జోడించాడు. అందరూ ప్లాట్‌ఫారం వైపు కదిలారు. హన్మమ్మ ఒక్కతే కదలలేదు.

"సారూ, కొడవలికి గూడ అడ్డు లేదా?"

"పనిముట్టుకు అడ్డేమిటమ్మా? కొడవలి, గొడ్డలి, దేనికీ లేదు. మొదటినుంచీ ఆర్డరులోనే ఉంది."

"మరి ఎవలనన్న పట్టుకుంటె?"

జమేదారు ఓపికగలవాడే. బజారులో కొడవలితో ఎవడైనా దొరికితే అనుమానం తీరాలి కదా అన్నాడు. అప్పుడు ఒక మనిషిని వాళ్ల ఇంటికి పంపుతారట. మాదే, మేకలకు మండలు కొట్టేదే అని ఇంట్లోవాళ్లు ఒక్కమాట అంటే చాలట, ఆ పూటే వదిలేస్తారట.

"మాది కాదంటె?"

"ఇంట్లోవాళ్లే కాదంటే ఇంకెలా వదులుతాం? మనిషిని కొట్టడానికే తెచ్చాడనుకుంటాం."

హన్మమ్మ తలూపింది. ఉప్పు ధర చెప్పినా, పాల ధర చెప్పినా అలాగే ఊపేది. రైలు కూత వినిపిస్తే భీమప్ప వచ్చి రెక్క పట్టుకొని తీసుకుపోయాడు. ఏమడుగుతున్నవ్ అక్కా అంటే, ఏం లేదన్నది.

వికారాబాదులో దిగి, బండ్లు కట్టించుకొని పూడూరు చేరేసరికి పొద్దు వాలుతోంది. ఊరి మొదట ఆడవాళ్లు ఎదురొచ్చారు. పెండ్లికొడుకు తల్లే పాట ఎత్తుకోవాలి, అది కూడా కట్టే. హన్మమ్మ ఎత్తుకుంది. గొంతు వణకలేదు, మాట తప్పలేదు, ఒక్క చరణమూ మరిచిపోలేదు. ఇంత గట్టి గుండె ఏందమ్మా అని వెనక ఎవరో మెచ్చుకున్నారు.

విడిదిలో పెండ్లికూతురి మేనత్త చంద్రవ్వ కాళ్లకు నీళ్లిచ్చింది. కొత్త మనిషి, మాట కలపడానికి ఎందరు పిల్లలని అడిగింది. ఇద్దరు కొడుకులని చెప్పింది హన్మమ్మ. పెద్దోడు రాలేదా అంటే, లేడన్నది. చంద్రవ్వ నాలిక కరుచుకొని, ఏమైండె వదినె అని మెల్లగా అడిగింది. ఇన్ని నెలలుగా అడిగినవాళ్లందరికీ కలరా అనే చెప్పిన మనిషి ఇప్పుడు ఆ మాట అనకుండా చెంబులో మిగిలిన నీళ్లు కాళ్ల మీద ఒంపుకుంది.

"నేనే ఇంటికి రానియ్యలే" అన్నది.

చంద్రవ్వకు అది దుఃఖంలో అన్న మాటలా వినిపించింది. గట్లనకు వదినె, తలరాతకు మనమేం జేస్తం అని వీపు నిమిరింది. హన్మమ్మ ఆ చేతిని తీసెయ్యలేదు. లోపలినుంచి అన్నానికి లెమ్మని పిలిచారు. ఆమె లేచి, బంతిలో అందరితోపాటు కూర్చొని, విస్తరిలో పెట్టిందంతా తిన్నది.