బైబిల్లో ఎడ్వినా

మా చెల్లెలు కొరిన్ అంటే నాకు అసూయ. ఈ మాట ముందే ఒప్పేసుకుంటే మీరు దానికోసం వెతుక్కోనక్కర్లేదు. చిన్నప్పుడు దాని ఉంగరాల జుట్టు చూసి ఏడ్చాను, పెద్దయ్యాక దాని మొగుడి మంచితనం చూసి ఏడ్చాను. కాని అసలు ఏడుపు మాత్రం ఒక బైబిలు గురించి. అది ముప్పై ఏళ్ళ ఏడుపు.

మా అమ్మ పుట్టింటివాళ్ళు పెండ్రెల్‌లు. వర్జీనియాలో మా కౌంటీకి మూడు వందల ఏళ్ళ కిందట ఇంగ్లండు నుంచి వచ్చారని ఇంట్లో అందరూ గొప్పగా చెప్పుకుంటారు. దాన్ని రుజువు చేయడానికి ఒళ్ళు వంచింది మాత్రం నేనొక్కదాన్నే. వారమంతా బళ్ళో లెక్కలు చెప్పి, సెలవు దొరికితే చాలు ఏదో ఒక కోర్టుకు పోయి వీలునామాల పుస్తకాలు తిరగేసేదాన్ని. ఆ దుమ్ముకు ఉబ్బసం కూడా సంపాదించాను. ఆ వీలునామాల్లో ఆవులకూ రాగి కాగులకూ మధ్య, ఆస్తిగా పంచిన బానిసల పేర్లుంటాయి, జూడిత్ నా కూతురికి, సీజర్ నా కొడుక్కి అని. ఆ పేర్లు కూడా ఒక్కటి విడవకుండా ఎత్తి రాశాను, వాళ్ళ మునిమనవలు ఉత్తరం రాస్తే నకళ్ళు పంపాను. రుజువు లేని పేరు ఒక్కటి కూడా రాయకూడదని నా పంతం. ఆ పంతం వల్ల చుట్టాల్లో సగంమందికి నేనంటే పడదు, ఎందుకంటే వాళ్ళలో చాలామందికి రాజవంశపు రక్తం లేదని తేల్చిపారేశాను.

ఇంగ్లండు వైపు నాకు దొరికిన వీలునామా ఒక్కటే. డోర్సెట్‌లో చేతి తొడుగులు కుట్టుకునే విలియం పెండ్రెల్ 1691లో రాసింది. "వర్జీనియాలో ఉన్న నా తమ్ముడు థామస్‌కు, వాడు ఇంకా బతికి ఉంటే, నా పెద్ద కోటు" అని ఉంది అందులో. ఆ 'బతికి ఉంటే' దగ్గర నేను వంటింటి బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. థామస్, అతని కొడుకు, మనవడు హ్యూ, ముగ్గురూ పొరుగు కౌంటీ చర్చి పుస్తకంలో దొరికారు. ఈ చివర మా అమ్మ ముత్తాత సమాధి రాయి ఉంది, ఆయన 1840లో పుట్టాడు. మధ్యలో మూడు తరాలు లేవు. అంతర్యుద్ధంలో మా కౌంటీ కోర్టు తగలబడి వీలునామాలన్నీ బూడిదైపోయాయి. ఇక ఆ మూడు తరాలూ ఉన్నది ఒక్క చోటే, మా అమ్మ బైబిల్లో, పాత నిబంధనకూ కొత్త నిబంధనకూ మధ్య పుట్టుకలు రాసుకునే పేజీలో.

ఆ పేజీ చూపించే అమ్మ 1957లో తొలి వలసదారుల వారసురాళ్ళ సంఘంలో చేరింది. లాయర్ల భార్యలూ డాక్టర్ల భార్యలూ ఉండే సంఘం అది, మా నాన్నదేమో కోళ్ళ దాణా కొట్టు. చేరిన రోజున ఇచ్చిన బంగారు పిన్నును అమ్మ చచ్చేదాకా వదల్లేదు. దానితోనే సమాధి చేశాం. ఆ బైబిలును మాత్రం బతికున్నంతకాలం మమ్మల్ని తెరవనివ్వలేదు.

నా పేరు కూడా ఆ పేజీలోంచి వచ్చిందేనని అమ్మ చెప్పేది. హ్యూ కొడుకు ఆంబ్రోస్, ఆంబ్రోస్ కొడుకు జోసయ్య, జోసయ్య కొడుకు నాథన్, నాథన్ భార్య ఎడ్వినా. ఆ ఎడ్వినా పేరే నాకు పెట్టిందట. కొరిన్ పేరు ఏదో కుట్టుపని పత్రికలో చూసి పెట్టింది. నేను దాన్ని ఎంత ఏడిపించేదాన్నో! "నువ్వు పత్రికలోంచి ఊడిపడ్డావు, నేను బైబిల్లోంచి వచ్చాను" అనేదాన్ని. దానిమీద నాకున్న గొప్ప అదొక్కటే.

ఆ గొప్ప 1989లో లాయరు గదిలో పోయింది. అమ్మ వీలునామా చదివారు. బైబిలు నా చిన్న కూతురు కొరిన్‌కు, వెండి గరిటె పెద్ద కూతురు ఎడ్వినాకు. గరిటె! ఎవరికి ఏమి రాశారో చూసి ఎవరిమీద ప్రేమ ఎక్కువో చెప్పగలిగినదాన్ని నేను. అమ్మకు నేనేమిటో ఆ గరిటెలో కనిపించింది. కొరిన్ ఏనాడూ ఒక పాత కాగితం ముట్టుకున్నది కాదు. కుక్కకు కొబ్బరికాయ దొరికినట్టు దానికి దొరికింది ఆ బైబిలు.

పోనీ ఒక్కసారి చూపించమన్నాను. బ్యాంకు లాకర్లో పెట్టానంది. మరుసటేడు అడిగితే కాగితం పెళుసుగా ఉందంది. ఫొటో అయినా తీసి పంపమంటే సరేనంది, పంపలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. పెళ్ళిళ్ళలో, చావుల్లో, నలుగురి ముందూ దాన్ని దెప్పాను. చదువురానిదాని చేతిలో వంశ చరిత్ర అన్నాను, స్వార్థం అన్నాను, అమ్మను మాయ చేసి రాయించుకుందని కూడా అన్నాను. అది నోట్లో నాలుక లేనిదానిలా కూర్చునేది, దాంతో నాకు ఇంకా మండేది. చివరికి క్రిస్మస్ కార్డు తప్ప మా మధ్య మాటలు లేకుండా పోయాయి.

అయిదేళ్ళకోసారి పెండ్రెల్‌లందరం చర్చి పక్క హాల్లో కలుస్తాం. భోజనాలయ్యాక పెద్ద ఆడపడుచు వేదికెక్కి మొదటివాడి నుంచీ పేర్లు చదవాలి, తమ శాఖ పేరు వచ్చినప్పుడు ఆ శాఖవాళ్ళు లేచి నిలబడాలి. ఈసారి చదవడం నా వంతు. దానికి తోడు మా మేనమామ కొడుకు వార్నర్ బావ నేను రాస్తున్న వంశ చరిత్ర పుస్తకం అచ్చు వేయిస్తానన్నాడు, మధ్య మూడు తరాలూ పూరిస్తేనే అని మెలిక పెట్టాడు. పేర్లు మా అందరికీ నోటికి వచ్చు. కాని నోటిమాట రుజువు కాదు. ఆ పేజీ కంటితో చూడకపోతే నా ముప్పై ఏళ్ళ పని రెండు ముక్కలుగానే ఉండిపోతుంది.

ఆ జూన్ మధ్యాహ్నం నేను గుడ్ల పళ్ళెం బల్లమీద పెడుతుంటే కొరిన్ కోడలు లేసీ ఒక దిండు గలీబులో ఏదో చుట్టుకుని వచ్చింది. మంచి పిల్ల, పాపం, ఏమీ తెలియదు.

"పెద్దత్తయ్యా, మీరు దీనికోసం ఏళ్ళ తరబడి అడుగుతున్నారట కదా. అత్తయ్య ఇల్లు ఖాళీ చేస్తుంటే దుప్పట్ల అలమరలో దొరికింది. ఆవిడకు చెప్పకుండా తెచ్చాను, ఇద్దరూ సంతోషిస్తారని" అంది.

దుప్పట్ల అలమర! ముప్పై ఏళ్ళ బ్యాంకు లాకరు అదన్నమాట. నేను ఆ పిల్లకు థాంక్స్ కూడా చెప్పకుండా బైబిలు చంకలో పెట్టుకుని పాటల బృందం అంగీలు తగిలించే చిన్న గదిలోకి పోయి తలుపు వేసుకున్నాను. భూతద్దం ఎప్పుడూ నా సంచీలోనే ఉంటుంది.

ముందు పుట్టుకల పేజీ తీయకూడదు, అచ్చయిన సంవత్సరం చూడాలి. అది ఈ పనిలో మొదటి పాఠం. ఫిలడెల్ఫియా, 1853. అంటే 1744లో పుట్టిన ఆంబ్రోస్ గురించి రాసినవాళ్ళు పుట్టినప్పుడు రాయలేదు, వందేళ్ళ తర్వాత ఎత్తి రాశారు. దానికేం, చాలామంది అలాగే చేస్తారు. పేజీ తిప్పాను. ఆంబ్రోస్ 1744. జోసయ్య 1774. నాథన్ 1802. అతని భార్య ఎడ్వినా 1804. అందరిదీ ఒకే చేతిరాత, ఒకే సిరా. సిరా గోధుమరంగులో ఉంది, కాని పాతకాలపు సిరా కాగితాన్ని కొరుకుతుంది. ఇది కొరకలేదు.

తర్వాత ఆ సంవత్సరాల్లో నాలుగు అనే అంకెను చూశాను. పైన మూయకుండా వదిలేసిన నాలుగు, తలకిందులు చేసిన కుర్చీలాంటిది. ఆ నాలుగును నేను చిన్నప్పుడు రోజూ చూసేదాన్ని. మా అటకమీద అంజూర జామ్ సీసాలకు అంటించిన కాగితాలమీద ఉండేది, 1954 అని.

మా అమ్మే రాసింది. ఖాళీగా ఉన్న పేజీలో, ఆ పిన్ను కోసం, మూడు తరాల మనుషుల్ని కూర్చుని పుట్టించింది. నేను అంగీల మధ్య స్టూలు మీద కూలబడ్డాను. నా వంశం పోయిందని కాదు, ఆంబ్రోస్ పోయాడని కాదు. ఎడ్వినా అనే ముత్తవ్వ ఎప్పుడూ లేదు. ఆవిడ పేరు నాకు పెట్టలేదు. ఒక పేరు కావలసి వచ్చి, వంటింట్లో పాకుతూనో పరుగెత్తుతూనో ఉన్న నాలుగేళ్ళ నా పేరే తీసి అక్కడ రాసింది.

తలుపు తెరుచుకుంది. కొరిన్. చేతిలో పీచ్ పళ్ళ తీపి వంటకం గిన్నె అలాగే ఉంది. నా ఒళ్ళో బైబిలు చూసి దాని ముఖం పాలిపోయింది.

"ఎవరిచ్చారు నీకది?"

"బ్యాంకు లాకరే నడిచొచ్చింది" అన్నాను. దెప్పడం అలవాటైన నోరు కదా, ఆ సమయంలోనూ ఊరుకోలేదు. "నీకు తెలుసా ఇది అమ్మ రాసిందని?"

అది గిన్నె కింద పెట్టి నా ఎదురుగా కూర్చుంది. తెలుసంది. పోయే ముందు వారం ఆసుపత్రిలో అమ్మ చెప్పిందట. ఏడ్చిందట.

"ఎడ్వినా చేతిలో పడితే నిమిషంలో పట్టేస్తుంది, దాని మనసు విరిగిపోతుంది, దాని కంట పడనీయకు అంది. నాచేత ఒట్టేయించుకుంది అక్కా."

నాకు జాలి కలగాలి కదా. కలగలేదు. ముందు కలిగింది కడుపుమంటే. అమ్మ తన జీవితంలో దాచిన ఒకే ఒక్క సంగతి దీనికి చెప్పింది, నాకు చెప్పలేదు. నేనేమో అప్పుడు ఏ కోర్టులోనో దుమ్ము పీలుస్తున్నాను.

"నీకు చెప్పింది. నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"నీకు చెబితే నువ్వు ఊరుకునేదానివా? రుజువులు తీసేదానివి."

"ముప్పై ఏళ్ళు నాచేత తిట్లు తిన్నావే. ఒక్కసారైనా నోరు విప్పలేకపోయావా?"

"ఒట్టేశాను కదా."

అవతల హాల్లో కుర్చీలు సర్దుతున్నారు. కొరిన్ నా ఒళ్ళోంచి గలీబుతో సహా బైబిలు లాక్కుని ఆ పేజీ తీసింది. వెతకలేదు, చెయ్యి తిన్నగా అక్కడికే పోయింది.

"నీకు బైబిలు నాకిచ్చిందని మంట. నాకెంత మంటో నీకేం తెలుసు? లేని మనుషుల్ని పుట్టిస్తున్న మనిషి ఏ పేరైనా రాసుకోవచ్చు. నీ పేరు రాసింది."

"నువ్వప్పటికి పుట్టనే లేదు కదే."

"పుట్టాకైనా రాయొచ్చుగా. చూడు, కింద రెండు గీతలు ఖాళీ. చోటుంది. ఎన్నిసార్లు తీసి చూసుకున్నానో."

అరవై ఏళ్ళది, ఆ ఖాళీ గీతలమీద వేలు పెట్టి చూపిస్తోంది. నేను బైబిల్లోంచి వచ్చాను, నువ్వు పత్రికలోంచి ఊడిపడ్డావు అని నేనన్నది గుర్తొచ్చిన ప్రతిసారీ అది దుప్పట్ల అలమర దగ్గరికి పోయి ఉంటుంది. క్షమాపణ అడగడం నాకు చేతకాదు, ఎప్పుడూ నేర్చుకోలేదు. ఇంతలో వార్నర్ బావ తలుపు తట్టి అందరూ నాకోసం చూస్తున్నారన్నాడు.

వేదికెక్కాను. కాగితం అక్కర్లేదు, అంతా నోటికి వచ్చు. విలియంతో మొదలుపెట్టాను. పెద్ద కోటు సంగతి చెప్పాను, జనం నవ్వారు. థామస్, అతని కొడుకు, హ్యూ. హ్యూ దగ్గర ఆగాను. అక్కడినుంచి నిజం చెబితే అమ్మ పిన్ను పోతుంది, కొరిన్ ఒట్టు పోతుంది. మూడో వరసలో అది తల వంచుకుని కూర్చుంది, నేను ఏం చేస్తానో దానికి బాగా తెలుసన్నట్టు.

పుస్తకంలో ఆ మూడు తరాల చోటూ ఖాళీగానే వదిలేస్తాను, వార్నర్ బావ అచ్చు వేయిస్తే వేయిస్తాడు, లేకపోతే లేదు. కాని ఇది పుస్తకం కాదు. ఇది మా అమ్మ పుట్టింటివాళ్ళు ఒకే కప్పు కింద కూర్చుని తీపి తింటున్న మధ్యాహ్నం.

"ఇక్కణ్ణుంచి మా అమ్మ బైబిల్లో ఉన్నది చదువుతున్నాను" అన్నాను. ఆంబ్రోస్, జోసయ్య, నాథన్. ఒక్కొక్క పేరుకూ జనం లేచారు. "నాథన్ భార్య ఎడ్వినా" అన్నాను. నీళ్ళు తాగి మళ్ళీ అందుకున్నాను.

"ఆ ఎడ్వినా చెల్లెలు, కొరిన్."

హాలంతా ఒక్క క్షణం తెల్లబోయింది. ఆ వరసలో ఆ పేరు ఎవరూ ఎప్పుడూ వినలేదు. వార్నర్ బావ సంగతి తెలిసిందే, ముందు వరసలోంచి చెయ్యెత్తి, కొరిన్ అనే ఆవిడ ఎక్కడిది, రుజువేమైనా ఉందా అని అడిగాడు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నేనే అందరినీ అడిగినదాన్ని, నన్ను ఎవరూ అడగలేదు.

ఉందన్నాను. కాగితం మాత్రం చూపించలేకపోయాను. ఆ రుజువు మూడో వరసలో కూర్చుని, దిండు గలీబుతో ముక్కు చీదుకుంటోంది.