చెయ్యెత్తని నూకరాజు

ఏళ్ల తరబడి కూర్చుని నేను చేసిన గేమ్‌ను, కొనుక్కున్న కంపెనీవాళ్లు రెండు నెలలు తిరక్కుండా మిఠాయి కొట్టు చేసిపెట్టారు.

అసలది కంప్యూటర్‌లో ఆడేది. రైల్వే యార్డులో వ్యాగన్లు విడదీసి, కలిపి, గూడ్సు తయారుచేయాలి. మా నాన్న పైడిరాజు రిటైరయ్యేదాకా బిలాస్‌పూర్‌లో చేసిన పని అదే. రెండు వ్యాగన్లను కలిపే కప్లింగ్ తగిలించడానికి ఒక మనిషి వ్యాగన్ల మధ్యకు దూరతాడు. అతను బయటికొచ్చి చెయ్యెత్తకముందే పచ్చజెండా ఊపితే నలిగిపోతాడు. అంతటితో ఆట మొత్తం చెరిగిపోతుంది, మళ్లీ మొదటినుంచి ఆడాలి. ఆ కాఠిన్యం నచ్చి ప్రాణం పెట్టి ఆడేవాళ్లు దొరికారు గాని, మరీ కొద్దిమంది. అందుకే అమ్మేశాను.

ఆ కప్లింగ్ మనిషికి నూకరాజని పేరు పెట్టాను. నాన్న జోడీదారు ఆయన, నా చిన్నప్పుడు డ్యూటీలో పోయాడు. ఇంట్లో ఎవరూ అంతకుమించి చెప్పలేదు, నేనూ అడగలేదు. పేరు పెడితే నాన్న సంతోషిస్తాడనుకున్నాను.

గేమ్ పూర్తయిన రోజు అందరికంటే ముందు నాన్ననే కూర్చోబెట్టాను. ఆయన మెచ్చుకుంటే చాలు నాకు. కాసేపాడి, తొందరపడి జెండా ఊపాడు. నూకరాజు పోయాడు, తెర నల్లబడింది. “ఇంటికాడ కూడా డ్యూటీయేనేటమ్మా ప్రసూనా?” అని లేచి వెళ్లిపోయాడు. మళ్లీ దాని మొహం చూడలేదు. నాకు ఒళ్లు మండింది.

ఇప్పుడది ఫోన్‌లోకి వచ్చింది. వ్యాగన్ల నిండా లడ్డూలు. తప్పు చేసినా ఏమీ కాదు, సబ్బు ప్రకటన ఒకటి చూస్తే నూకరాజు లేచి గంతులేస్తాడు. పాత ఆటగాళ్లు నన్ను తిట్టని తిట్టు లేదు. తిట్టినందుకు కాదు, వాళ్లన్నది నిజమైనందుకు ఏడుపొచ్చింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం బిలాస్‌పూర్ రాజ్‌కిశోర్ నగర్‌లోని మా ఇంటి వరండాలో, నాన్న మంచమ్మీద కూర్చుని అదే ఆడుతున్నాడు. ఫోన్ లాక్కున్నాను.

“యే క్యా హై నాన్నా? నేను చేసింది మళ్లీ ముట్టుకోనేదు. ఈ బక్వాస్ ఆడతన్నావా?”

“యాడ్ అవనీయే అమ్మా, ఇచ్చీ.”

“ఏటుంది ఇందులో? ఓడిపోడమే నేదు!”

నాన్న నా మొహం చూడలేదు, నా చేతిలోని ఫోన్‌నే చూస్తున్నాడు.

“ఆ రోజు జెండా ఊపింది నానే. ఆడు చెయ్యెత్తాడనుకున్నాను. ఎత్తనేదు.”

నేను మంచం అంచున కూర్చున్నాను.

“నీ దాంట్లో ఆడు పోతే పోయినట్టే. అది నాకు తెల్దేటి? మళ్లీ ఆడి సూడాలా?”

నా గేమ్ అచ్చం నిజంలా ఉందని మెచ్చుకున్నవాళ్లలో ఒక్కడూ యార్డులో కాలు పెట్టినవాడు కాదు. నేనూ కాదు. వాళ్ల మెప్పు చూసుకుని ఎంత మిడిసిపడ్డానో తలచుకుంటే నా మీద నాకే రోత పుట్టింది. ఆ లడ్డూల కంపెనీ మీద కోపమూ తగ్గలేదు.

ఫోన్ తిరిగిచ్చాను. లాక్కోవడంలో ప్రకటన మధ్యలోనే ఆగిపోయి, నూకరాజు లేవలేదు. నాన్న ఆట మళ్లీ మొదలుపెట్టి, నూకరాజు వ్యాగన్ల మధ్యకు దూరగానే జెండా ఊపేశాడు. కావాలనే ఊపాడు. సబ్బు ప్రకటన మొదలైంది. ప్రకటనను దాటేసే గుర్తు తెర మూల కనిపించినా నొక్కలేదు.

“ఇది పూర్తిగా సూస్తేనే లెగుస్తాడమ్మా,” అన్నాడు.