మూడు కడ్డీలా, ఆరు ముక్కలా

ఆ ఉదయం కూడా డెల్మర్ మా గరాజ్‌లోకి వస్తూనే టోపీ తీసి పని బల్ల మూలన పెట్టి, "తేల్చావా? మూడా, ఆరా?" అన్నాడు.

"ఆలోచిస్తున్నాను."

"నువ్వు ఆలోచించేలోపు ఈ చెక్క మళ్ళీ చిగురేస్తుంది."

చెక్క అంటే బల్ల మీద గుడ్డ కప్పి ఉన్న గిటారు. యాభైల నాటి పద్ధతిలో, ఒకే మందపాటి చెక్క పలక, దాని మీద వెన్న రంగు వార్నిష్. మా ఊరు ఫుల్లర్టన్‌లో ఒకే గిటార్ల ఫ్యాక్టరీలో మేమిద్దరం ఇరవై ఆరేళ్ళు పనిచేశాం. అతను మెడలు చెక్కేవాడు, నేను చివరి గదిలో బ్రిడ్జీలు బిగించేదాన్ని. పోయిన వేసవిలో అతని అక్క ఓపల్ భర్త పోయాడు. ఓక్లహోమాలో ఆవిడ ఒక్కతే అయిపోయిందని, ఇక్కడి ఇల్లు ఖాళీ చేసి ఆర్డ్‌మోర్ వెళ్ళి ఆమెతో ఉండాలని డెల్మర్ నిర్ణయించుకున్నాడు. వెళ్ళేముందు పాతకాలపు గిటారు ఒకటి మన చేతులతో చేద్దాం, అక్కడ చర్చిలో వాయించుకుంటాను అన్నాడు. అక్టోబర్ చివరికల్లా బ్రిడ్జి తప్ప అన్నీ అయిపోయాయి. ఇప్పుడు మార్చి.

బ్రిడ్జి అంటే తీగలు ఆనుకునే ఇనుప పళ్ళెం. పాత రకంలో మూడు ఇత్తడి కడ్డీలుంటాయి, ఒక్కో దాని మీద రెండు తీగలు. ఒక తీగకి శ్రుతి కుదరాలని కడ్డీని జరిపితే దాని పక్క తీగ తప్పుతుంది. కొత్త రకంలో ఆరు ఉక్కు ముక్కలు, ఏ తీగది దానికే. ఏ మెట్టు మీద నొక్కినా శ్రుతి తప్పదు. ఈ రెండు పళ్ళేలకీ మరల కన్నాలు వేరు. ఒకసారి డ్రిల్లు దిగితే అంతే, ఆ వార్నిష్ మీద తప్పు కన్నం జీవితాంతం కనిపిస్తుంది.

"ఆరు ముక్కలది పెడితే అది మోగదు తీనా, పళ్ళెంలో చెంచా పడ్డట్టుంటుంది," అన్నాడు డెల్మర్.

"మూడు కడ్డీలది పెడితే తీగలు మార్చినప్పుడల్లా సరిచెయ్యాలి. నీ బొటనవేళ్ళు చొక్కా గుండీకే వంగవు. అక్కడెవరు తిప్పుతారు ఆ మరని? ఓపలా?"

"తిప్పకపోతే కొంచెం అపశ్రుతి. చర్చిలో సగం మందికి చెవుడే."

"నీకు లేదుగా."

"అందుకే మీ ఆయన నీతో వాదన పెట్టుకునేవాడు కాదు," అని గొణిగి, డోనట్లు తెస్తానని బయటికి నడిచాడు.

ఈ గొడవ మాకు రోజూ ఉండేదే. కానీ నాకు మూడూ ముఖ్యం కాదు, ఆరూ ముఖ్యం కాదు. మూడో దారి ఒకటుంది. కడ్డీలు మూడే, ఇత్తడివే, కాకపోతే కొంచెం ఏటవాలుగా కోసి ఉంటాయి. దాంతో ఒకే కడ్డీ మీద రెండు తీగలూ దాదాపుగా కుదురుతాయి. మోత పాతదే, శ్రుతి బాధ ఉండదు. లైబ్రరీ నుంచి తెచ్చిన మరమ్మతు పుస్తకంలో దాని సంగతి చదివి నవంబర్‌లోనే తెప్పించాను. ఆ పొట్లం వంటింట్లో, మొక్కజొన్న పిండి డబ్బాలో, పిండి కింద ఉంది. అది బల్ల మీద పెడితే ఒక్క నిమిషంలో గొడవ తీరుతుంది. మర్నాడు డెల్మర్ వెళ్ళిపోతాడు.

సాగనంపడం నాకు చేతకాదు. మా అమ్మ బస్సెక్కినప్పుడు దారికి తినడానికేదో తెస్తానని పరిగెత్తాను, తిరిగొచ్చేసరికి బస్సు లేదు. మా ఆయన రామీరోని ఆపరేషన్‌కి తీసుకెళుతుంటే అతని కళ్ళజోడు ఎక్కడ పెట్టానో వెతుక్కుంటూ ఉండిపోయాను. ఇంకేదో పని మిగిలుందని అనిపించినంతసేపూ ఎవరూ ఎక్కడికీ వెళ్ళరని నా మనసు నమ్ముతుంది.

మూడు రోజులుగా ఎడారి గాలి. గరాజ్ తలుపు కొట్టుకుంటూనే ఉంది. ఊడ్చిన నేలే మళ్ళీ ఊడ్చాను. గిటారు మీద గుడ్డ తీసి, దుమ్ము పడుతుందేమోనని మళ్ళీ కప్పాను. పొయ్యి ఆపానో లేదోనని రెండుసార్లు లోపలికెళ్ళి చూశాను. రెండోసారి వెళ్ళినప్పుడు ఫోన్ మోగింది. ఓపల్.

"తీనా, మావాడున్నాడా పక్కన?"

"లేడు, డోనట్లకెళ్ళాడు. పిలవనా?"

"వద్దు వద్దు. నిన్నే అడుగుదామని. ఆ బ్రిడ్జేదో అయ్యిందా? అది బిగిస్తే గానీ కదలనంటాడు. క్రిస్మస్‌కన్నాడు, ఈస్టర్ కూడా దాటిపోయేలా ఉంది. ఫ్యాక్టరీలో రోజుకెన్ని బిగించేదానివి నువ్వు?"

"ఎనభై."

"ఎనభై! మరి ఒక్కదానికి ఐదు నెలలేంటి, దేవుడా?"

నేను నవ్వబోయాను. అవతల ఆమె నవ్వలేదు.

"నేను మళ్ళీ పడ్డాను తీనా. మంగళవారం, స్నానాల గదిలో. పక్కింటాయన వచ్చేదాకా నేల మీదే ఉన్నాను. రెండు గంటలు. వాడికి చెప్పకు, కంగారుపడి కారు వేగంగా తోలతాడు."

"మళ్ళీనా? అంటే ఇంతకుముందు కూడా..."

"జనవరిలో ఒకసారి. అప్పుడు పెద్దగా ఏం కాలేదులే. ఉంటాను. బ్రిడ్జి సంగతి చూడమ్మా."

ఫోన్ పెట్టేశాను. కుర్చీలో కూర్చున్నాను. జనవరిలో ఏం చేస్తున్నాను నేను? మూడా ఆరా అంటున్నాను. లేచి డబ్బా మూత తీసి పిండిలో చెయ్యి పెట్టాను.

డెల్మర్ తిరిగొచ్చేసరికి పొట్లం బల్ల మీదుంది, నా మోచేతి దాకా పిండి.

"ఆ పిండితో టమాలీలు వండుతున్నావా?" అని, పొట్లం విప్పి, బ్రిడ్జి తీసి కడ్డీలని వెలుగుకి పట్టి చూశాడు. "ఏటవాలు కోత. ఇవెక్కడివి?"

"తెప్పించాను."

"ఎప్పుడు?"

"నవంబర్‌లో."

అతను పొట్లం మీద తపాలా ముద్ర చూశాడు, నా మొహం చూశాడు. "నవంబర్ నుంచి నాతో రోజూ పోట్లాడుతున్నావు, ఇది పిండిలో పెట్టుకుని?"

"ఊఁ."

"మా అమ్మ మీద ఒట్టు, నీ అంత దొంగ ముసలిదాన్ని నేనెక్కడా చూడలేదు." అతని గొంతులో కోపమే ఉంది. కానీ గుమ్మం దాటలేదు.

"ఓపల్ పడిపోయింది డెల్మర్. రెండుసార్లు. నీకు చెప్పొద్దంది. చెబుతున్నాను."

అతను బ్రిడ్జిని నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు.

"బిగించు," అన్నాడు.

నాలుగు మరలు, వెనక నుంచి వచ్చే ఆరు తీగలు, మొత్తం పది కన్నాలు. మెడ కొస నుంచి ఇరవై ఐదున్నర అంగుళాలు కొలిచి, కడ్డీ సరిగ్గా అక్కడికి వచ్చేలా పళ్ళెం పెట్టి, పెన్సిల్‌తో గుర్తులు పెట్టాను. డ్రిల్లు పట్టుకున్నాను. డెల్మర్ వేలు గుర్తు మీద అడ్డం పెట్టాడు.

"కడ్డీలు ఎక్కడున్నాయో చూడు."

పొట్లంలోంచి వచ్చినట్టే ఉన్నాయి, పళ్ళెం వెనక అంచుకి ఆనుకుని. లావు తీగ శ్రుతి కుదరాలంటే కడ్డీ ఇంకా వెనక్కి జరగాలి. ఇలా బిగిస్తే జరగడానికి చోటుండదు, గిటారు పుట్టుకతోనే అపశ్రుతి. ఫ్యాక్టరీలో ఇనుప అచ్చు ఒకటుండేది. దాన్ని చెక్క మీద పెట్టి, అది చూపించిన చోట కన్నం వెయ్యడమే నా పని. కడ్డీలు సర్దే పని నా పక్కనున్నామెది. లక్షల కొద్దీ బ్రిడ్జీలు బిగించి ఉంటాను, ఒక్కటి కూడా కొలిచి పెట్టలేదు.

"రోజుకి ఎనభై," అన్నాడు డెల్మర్.

"నోర్ముయ్. రబ్బరివ్వు."

గుర్తులు చెరిపి, సన్న తీగ కడ్డీని మెడ వైపు చివరిదాకా జరిపి, మళ్ళీ కొలిచాను. రెండుసార్లు. మూడోసారి కొలవబోతే అతను స్కేలు లాక్కున్నాడు. "చాలు. వెయ్యి."

మొదటి కన్నానికి వెన్న రంగు పొడి సన్నగా లేచి గాలికి చెదిరింది. తరవాతవి చకచకా వేసేశాను. ఫ్యాక్టరీలోనూ అంతే, మొదటిదే కష్టం.

తీగలు ఎక్కించేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. డోనట్లు ఎవరూ ముట్టలేదు. డెల్మర్ వంగని వేళ్ళతో ఒక్కో తీగనీ పన్నెండో మెట్టు మీద నొక్కి మీటుతుంటే నేను మరలు తిప్పాను. ఐదు కుదిరాయి. మూడో తీగ వెంట్రుకంత పైకి పలికింది.

"ఉండనీలే, ఎవడికి తెలుస్తుంది?"

"నీకు తెలుస్తుంది," అని ఆ మరని పావు చుట్టు తిప్పాను. ఇంకొంచెం. అతను ఆ తీగనీ, దాని జత తీగనీ మీటాడు, తల ఊపాడు.

గిటారు నా ఒళ్ళో పెట్టి, మోకాళ్ళు పట్టుకుని లేచి, ఫోన్ చేస్తానని వంటింట్లోకి వెళ్ళాడు. అతని గొంతు గాలిలో ముక్కలు ముక్కలుగా వినిపించింది. "అక్కా... అయిపోయింది... లేదు, కుదిరింది, బాగా కుదిరింది... రేపే. ఎండెక్కకముందే... నెమ్మదిగానే తోలతాను, నువ్వు మంచం దిగకు."

నేను మూడో తీగ పన్నెండో మెట్టు మీద నొక్కి మీటాను. సరిగ్గానే ఉంది. స్క్రూడ్రైవర్ ఇంకా చేతిలోనే ఉంది. మళ్ళీ మీటాను. సరిగ్గానే ఉంది.