సముద్రం వాసన

మంథనిలో వ్యవసాయ మోటార్లు బాగుచేసే హనుమండ్లుకు తెలియని విషయం లేదు. అడగకపోయినా చెబుతాడు, అదే ఊరికి వచ్చిన ఇబ్బంది. ఈ ఏడు మిరుగం నాటి చేపను తల్లి రామవ్వకు సముద్రం ఒడ్డునే తినిపిస్తానని పక్కనున్న పంక్చర్ షాపు గోపాల్‌కు చెప్పాడు. గోపాల్‌కు చెబితే బజారంతటికీ చెప్పినట్టే.

మిరుగం, అంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజు, చేప తినకపోవడమన్నది ఆ ఇంట్లో లేదు. నిరుడు ఒక్కసారి చుట్టాలింటి పెళ్లి హడావుడిలో పడి మరిచిపోయారు. ఆ వానాకాలమంతా రామవ్వ ఆయాసంతో మంచంలో కూర్చునే తెల్లవార్చింది. డాక్టరు ఏవేవో చెప్పాడు గానీ, అసలు కారణం చేపేనని తల్లీకొడుకులిద్దరికీ తెలుసు. ఈసారి తప్పితే అవ్వ దక్కదేమోనని హనుమండ్లుకు నిజంగానే భయం.

"జర రెండు చాప ముక్కలు ఇంట్లకెల్లే పట్కపోదాం బిడ్డా," అంది రామవ్వ.

"సముద్రానికి చాపలు మోస్కపోతరా అవ్వా? ఎవలన్న చూస్తే ఇజ్జత్ పోతది!"

రామవ్వ ఆ మాట మళ్లీ ఎత్తలేదు. గుడ్డసంచి ఒళ్లో పెట్టుకుని రైలెక్కింది. ఖమ్మం రాకముందే రైలు పెట్టెలో చేపల వాసన మొదలైంది. ఎదుటి సీటాయన ముక్కుకు రుమాలు కట్టుకున్నాడు. హనుమండ్లు మాత్రం కిటికీ దగ్గర గుండెల నిండా గాలి పీల్చాడు.

"సముద్రం దగ్గర పడ్డది అవ్వా. వాసన చూస్తే తెలుస్తలేదా?"

"తెలుస్తుంది బిడ్డా," అంది రామవ్వ, సంచి సర్దుకుంటూ.

రైలు దిగి, రెండు బస్సులు మారి, మనుషుల్నీ బండ్లనూ గోదావరి పాయ దాటించే పంటు ఎక్కి పీతలంక చేరేసరికి మిరుగం నాటి మధ్యాహ్నమైంది. రామవ్వ సముద్రాన్ని మొట్టమొదటిసారి చూసింది.

"గిన్ని నీళ్లా! మన పొలం దిక్కు ఒక్క కాల్వన్న తవ్వరాదు?"

హనుమండ్లు అప్పటికే చేపల పడవల కోసం వెతుకుతున్నాడు. పడవలన్నీ ఇసుకలోనే ఉన్నాయి. వాటి నీడలో సత్తమ్మ అనే ఆవిడ ఒక్కతే వల అల్లుకుంటోంది.

"మోటర్లన్ని ఒక్కసారే ఖరాబైనయా అక్కా? ఫికర్ చెయ్యకు, నేను చూస్త."

సత్తమ్మ చేతిలో వల పక్కన పడేసి మరీ నవ్వింది. "మోటార్లకేమండీ, బాగానే ఉన్నాయి. చేపలు గుడ్లు పెట్టే కాలం కదా, ఈ నెల పద్నాలుగు దాకా వేట బంద్. మేమే వంకాయ కూర తిని తిని విసిగిపోయాం."

హనుమండ్లు మొహం మాడిపోయింది. లంకంతా తిరిగాడు. ఒక హోటల్లో కోడి, ఇంకోదాంట్లో గుడ్లు. మూడోదాంట్లో రొయ్యలు దొరికితే ప్రాణం లేచొచ్చి, పొట్లం కట్టించుకుని పరుగెత్తుకొచ్చాడు. రామవ్వ విప్పి చూసి పక్కకు జరిపింది.

"గీ మీసాల పురుగుతోని మిరుగమెట్లయితది రా?"

పొద్దు వాలుతోంది. హనుమండ్లు ఇసుకలో కూలబడ్డాడు. "నా తెలివి మీద మన్నువడ! నేనే నిన్ను ఆగం జేస్తినవ్వా. గీ వానకాలం నీకేమన్నయితే..." అంటూ కళ్లు తుడుచుకున్నాడు.

కొడుకు ఏడుస్తాడని రామవ్వ అనుకోలేదు. గబగబా సంచి విప్పి స్టీలు డబ్బా తీసింది. ఎండబెట్టి, ఉప్పూ కారం పట్టించి వేయించిన కొర్రమట్ట చేప ముక్కలు. మూత తీయగానే రైల్లో వచ్చిన సముద్రం వాసన గుప్పుమంది.

"అవ్వా! గిది... నువ్వు రైల్లనే ఎందుకు చెప్పలే?"

"సముద్రమొచ్చిందని నువ్వు గంత సంబురపడ్తివి. చెడగొట్టబుద్ధి గాలే బిడ్డా."

రామవ్వ ఒక ముక్క నోట్లో వేసుకుంది. ఒకటి కొడుకు చేతిలో పెట్టింది. మూడోది సత్తమ్మకు అందించింది. వంకాయలతో విసిగిన సత్తమ్మ మొహమాటపడకుండా తీసుకుని, కళ్లు మూసుకుని నమిలి, రెండోదానికి తనే చెయ్యి చాపింది.

అంతలో గోపాల్ ఫోన్ చేశాడు. "ఏమన్నా, సముద్రం చాప తిన్నరా? ఎట్లున్నదే?"

హనుమండ్లు తల్లి వైపు చూశాడు. ఆమె సత్తమ్మకు ఉప్పెంత పట్టించాలో చెబుతోంది. జీవితంలో మొదటిసారి అతనికి కోయడానికి గొప్పలు దొరకలేదు.

"మా అవ్వ చేసినట్టే ఉన్నది తమ్మీ," అన్నాడు.