మా అయ్యనింకా ఒగ్గలేదేటి?

మోహనకృష్ణకి చరిత్ర అంటే చొక్కా గుండీలు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రాత్రి మీద సంగీత నాటకం వేస్తూ, ఎచ్చెర్లలో చరిత్ర పాఠాలు చెప్పుకుంటున్న నన్ను సలహాదారుగా పెట్టుకున్నాడు. జెండాలో రాట్నమా, చక్రమా? పోలీసు నిక్కరు మోకాలి పైకా, కిందికా? ఒకటే ఫోన్లు. అన్నీ ఓపిగ్గా చెప్పాను. అన్నీ సరిచేశాడు. ఒక్క మాట దగ్గరే మొండికేశాడు.

ఆ మాట నారాయణమ్మగారిది. వాళ్ళది ఆమదాలవలస దగ్గర రైతు కుటుంబం. ఆవిడ తండ్రి గంగరాజు క్విట్ ఇండియా రోజుల్లో జైలుకెళ్ళి అక్కడే జ్వరంతో పోయాడు. చిన్నపిల్ల కదా అని ఇంట్లో ఎవరూ ఆవిడకి చెప్పలేదు. స్వాతంత్ర్యం వచ్చిందని ఊళ్ళో మిఠాయి పంచుతుంటే, ఎనిమిదేళ్ళ ఆ పిల్ల తల్లిని అడిగిందట: "దొరలెల్లిపోనారు గదా, మా అయ్యనింకా ఒగ్గలేదేటి?"

ఆవిడ నాకీ సంగతి చెప్పిన రోజు అన్నం సహించలేదు. ఆ మాట ఉన్నదున్నట్టు నాటకంలో ఉండాలని రాసిచ్చాను.

తీరా రిహార్సల్‌కి వెళ్తే, ఆ పిల్ల వేషం వేస్తున్న ఝాన్సీ హార్మోనియం శ్రుతిలో రాగం తీస్తోంది: "దొరలు వెళ్ళిపోయారు కదమ్మా, నాన్నగారినింకా విడిచిపెట్టలేదా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆ ఇంట్లో నాన్నగారు అని ఎవరన్నారు మోహన్? ఆయన గోచీ పెట్టుకుని దుక్కి దున్నిన మనిషి!"

"మన యాస స్టేజీ ఎక్కితే జనం నవ్వుతారు మేడమ్. అక్కడ కన్నీళ్ళు రావాలి" అన్నాడు. అంతలో ఇంటినుంచి ఫోనొస్తే అదే నోటితో, "ఒసే, నువ్వు తినీసినావేటి? నానొస్తన్నాను" అన్నాడు. అతని నాటకం మొత్తంలో మన మాట మాట్లాడేది ఒక్కడే, తాగుబోతు వేషం వేసిన ఉపేంద్ర.

గుండీకి ఉన్న విలువ మాటకి లేదా? నా పేరు తీసేయమన్నాను. నారాయణమ్మగారిని తీసుకురానన్నాను. కరపత్రాల మీద అప్పటికే ఆవిడ ఫొటో అచ్చయిపోయింది. అందుకని దిగొచ్చాడు గానీ, నా మాట నచ్చి కాదు.

ప్రదర్శన రోజు శ్రీకాకుళంలో హాలు నిండిపోయింది. నారాయణమ్మగారిని ముందు వరసలో నా పక్కనే కూర్చోబెట్టుకున్నాను. చూపు బాగా తగ్గింది ఆవిడకి. స్టేజీ మీద రంగులు కదలడం తెలుస్తుందంతే. ఇన్నేళ్ళకి ఆవిడ మాట ఆవిడ మాటగానే నలుగురూ వింటారని నాకు ఒకటే ఆత్రంగా ఉంది.

నాటకంలో మిఠాయి పంచారు. హార్మోనియం ఆగింది. ఝాన్సీ తల్లి కొంగు పట్టుకుని, ఏ రాగమూ లేకుండా, నెమ్మదిగా అంది: "దొరలెల్లిపోనారు గదా, మా అయ్యనింకా ఒగ్గలేదేటి?"

హాలంతా గొల్లున నవ్వింది. ఎవడో ఈల కూడా వేశాడు. ఎక్కడివాళ్ళో అయితే సరిపెట్టుకుందును. పొద్దున్న లేస్తే ఇదే మాట్లాడే మనుషులు! నా వెనక సీట్లో ఒకావిడైతే, "ఓలమ్మా, అచ్చం మనలాగే అనీసింది సూడు!" అంటూ పొట్ట పట్టుకుంది. లేచి నోళ్ళు మూసుకోమని అరవాలనిపించింది. తెర పక్కనుంచి మోహనకృష్ణ నావైపే చూస్తున్నాడు.

నారాయణమ్మగారు నా చెయ్యి పట్టుకుని లాగారు. ఆవిడ ముఖం కూడా విప్పారి ఉంది.

"ఏటమ్మా, అందరూ అంత సంబరపడతన్నారు?" అని అడిగారు. "ఒగ్గీసినారేటి మా అయ్యని?"