క్లచ్ కాల్చిన కాలు

బుధవారం పొద్దున టీకాల డబ్బా వెనక సీట్లో పెట్టుకొని పోతున్న నర్సు అరుణమ్మ కారు గుట్ట మలుపు దగ్గర మొరాయించింది. ఇంజిను గొంతు చించుకుంటోంది గానీ బండి జానెడు కదలదు. మాడు వాసనకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆటో పిలిచి, డబ్బా మోసుకుంటూ ఆమె ఉపకేంద్రం చేరేసరికి చంటిపిల్లల తల్లులు గంటన్నర నుంచి ఎండలో కూర్చొని ఉన్నారు.

ఆ కారు అరుణమ్మ తన జీతంతో కొనుక్కున్నది. పద్నాలుగేళ్ల పాతదైతేనేం? ఉపకేంద్రం ఉన్న ఊరికి పదకొండు దాటితే గానీ బస్సు రాదు. కారు లేకపోతే తొమ్మిదింటికి సూది వేసే నర్సు లేనట్టే.

సాయంత్రానికి కారును ట్రాలీలో ఎక్కించి మహబూబ్‌నగర్‌లోని మెకానిక్ మెహమూద్ షెడ్డుకు తెచ్చారు. భర్త శ్రీశైలం, మరిది విజేందర్ వెంట వచ్చారు. మెహమూద్ కనీసం బానెట్ కూడా ఎత్తలేదు. వాసన చూసే తీర్పు చెప్పేశాడు.

"క్లచ్ ప్లేటు ఖతం మేడం. నడిపినంతసేపు మీరు కాలు దాని మీదనే పెడతరు. ఆడోళ్ల బండ్లన్నీ గింతే."

"గేరు మార్చేటప్పుడు తప్ప పెట్టనన్నా. పదేండ్ల సంది నడుపుతున్న," అంది అరుణమ్మ.

శ్రీశైలం పకపకా నవ్వాడు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఇగ బండి పాతదంటది సూడు."

విజేందర్ పళ్లికిలించాడు. షెడ్డులో చాయ్ తాగుతున్న ఇద్దరు ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా నవ్వారు. ఎవరు వాళ్లు? ఆమె నడుపుతుంటే ఎప్పుడైనా చూశారా? మగవాడు నవ్వితే చాలు, పక్కవాడికి కారణంతో పని లేదు.

ఇంటికొచ్చి అన్నం తింటూ శ్రీశైలం ఇంకో తీర్పు చెప్పాడు. "రిపేరైనంక తాళం విజేందర్ తాన ఉంటది. పొలం పనికన్న వస్తది. నువ్వు బస్సుల పో. మళ్ల కాలవెడితే ఎవడు సూస్తడు?"

అరుణమ్మ సగం కంచం వదిలేసి లేచింది. చేతులు కడుక్కుంటూ తన ఎడమకాలి వంక చూసుకుంది. నిజంగానే తనేనా? తెలియకుండా ఆనిస్తోందా? పదేళ్లుగా ఒక్క గీత పడకుండా నడిపిన మనిషికి తన కాలి మీదే అనుమానం పుట్టించారు. అంతకంటే పెద్ద దొంగతనం ఏముంటుంది?

మూడో రోజు మెహమూద్ ఫోన్ చేశాడు. "మేడం, జర మీరే ఒక్కసారి రాండ్రి."

గేరుబాక్సు దించి నేల మీద పెట్టి ఉంది. క్లచ్ ప్లేటు రివిట్ల దాకా మాడి, దాన్ని ఒరుసుకునే ఇనుప చక్రం నీలంగా కమిలిపోయింది.

"నేను తొందరపడ్డ మేడం. కాలు ఆనిస్తే ప్లేటు మెల్లమెల్లగ అరుగుతది. ఇది అరగలే, ఉడికింది. ఈ బండితోని ఏదో పెద్ద బరువు గుంజిపిచ్చిండ్రు."

వెనక బంపరు కిందికి వంగి కొక్కెం చూపించాడు. అది ఒక పక్కకు వంగిపోయి ఉంది. దాని సందులో ఆకుపచ్చ నైలాన్ పోగులు ఇరుక్కొని ఉన్నాయి.

ఆ తాడు అరుణమ్మకు తెలుసు. బోరులోకి మోటారు దింపే తాడు. బస్సు దిగి ఇంటికి పోకుండా తిన్నగా పొలానికి నడిచింది. పక్క పొలం సైదులు కాలువ చెక్కుతున్నాడు. అడగగానే దాపరికం లేకుండా, పైగా కాస్త గొప్పగానే చెప్పాడు.

"అవునక్కా, మోటరు కాలిపాయె, ట్రాక్టరు దొరుకలే. మూడు కట్టెలు నిలవెట్టి, గిలక ఏసి, నీ కారుకే తాడు గట్టి గుంజినం. నీకు డ్యూటీ లేని ఆదివారాలు, గీ ఎండకాలం మూడుసార్లు. మూడు వందల అడుగుల పైపు గద, జానెడు జానెడు రావాలె. విజేందరు నడిపిండు. శ్రీశైలమన్న బోరు కాడ నిలవడి, నిమ్మలంగ, క్లచ్ ఇడువకు, క్లచ్ ఇడువకు అని ఒకటే చెప్పుడు."

విజేందర్ సంగతి ఆమె ఊహించిందే. మొగుడు అక్కడే నిలబడ్డాడని మాత్రం అనుకోలేదు. అరుణమ్మ ఒళ్లు భగ్గుమంది. తెలియక నవ్వినవాణ్ని పోనీలే అనుకోవచ్చు. ఈ మహానుభావుడు అంతా తెలిసే, నలుగురిలో పెళ్లాం కాలిని చూపించి నవ్వాడు.

"పంట ఎండుతాంటే ఏం జెయ్యమంటవ్?" అన్నాడు శ్రీశైలం, ఆమె ఇల్లు చేరి అడిగీ అడగకముందే.

"గుంజితే గుంజిండ్రు. పంట నాది గాదా? అడిగితే వేరే బండి కిరాయికి తెద్దుము. మెహమూదన్న ముందట నన్నెందుకు నవ్వులపాలు జేసినవ్?"

"ఏదో మాటల మాట."

"రేపు షెడ్డుకొచ్చి ఆ మాట సరిజెయ్యి. నీ నోటితోనే."

"పరాయోని ముందట ఇంటి ముచ్చట ఎందుకే?"

"పరాయోని ముందటనే నవ్వినవ్ గద."

మర్నాడు శ్రీశైలం మింగలేక కక్కలేక తమ్ముణ్ని వెంటబెట్టుకొని వచ్చాడు. షెడ్డులో కాసేపు కారు టైర్లు చూశాడు, కాసేపు రోడ్డు చూశాడు. చివరికి బానెట్‌తో మాట్లాడుతున్నట్టు గొణిగాడు. "బోరు మోటరు మేమే గుంజినం. ఆమె గాదు."

అప్పటికే కొత్త ప్లేటు బిగించిన మెహమూద్ చేతుల నూనె గుడ్డకు తుడుచుకొని, తాళం తెచ్చి అరుణమ్మ చేతిలో పెట్టాడు. "మాఫ్ జెయ్యి మేడం. సూడకుంట అన్న."

తాళం పట్టుకొని అరుణమ్మ నిలబడే ఉంది. అలాంటి మాటే ఇంకొకటి రావాల్సిన చోటు నుంచి వస్తుందేమోనని చూసింది. శ్రీశైలం గొంతు సవరించుకున్నాడు.

"ఇగ అయిపాయె గద. తాళం విజేందర్‌కియ్యి, ఊరి దాక వాడు నడుపుతడు."

విజేందర్ చెయ్యి చాచాడు. అరుణమ్మ ఆ చేతిని దాటుకొని పోయి డ్రైవర్ సీట్లో కూర్చుంది. ఇంజిను అందుకున్నాక మొగుడి వైపు తిరిగింది.

"పరాయోడు మాఫ్ అడిగిండు. నీకు గా మాట నోటికొచ్చిన్నాడు బండెక్కు," అని గేరు వేసి, అన్నదమ్ములిద్దరినీ షెడ్డు ముందే వదిలి వెళ్లిపోయింది.