గుమ్మంలో పట్టని ఇంటిమాట

ప్యో మాన్‌బోక్‌కు అబద్ధమాడడం చేతకాదు. ఆ విద్యలో మా కొండవూళ్ళో నన్ను మించినవాడు లేడని అందరూ ఒప్పుకున్నదే. పక్కింట్లోనే ఉన్నాను కదా, ముందుగా నన్నొక్క మాట అడిగితే ఎంత బాగుండేది! అడగలేదు.

కూతురు సొల్‌హీ పట్నంలో ఒక కుర్రాణ్ణి ఇష్టపడింది. రెండు కుటుంబాలూ హోటల్లో కలుసుకున్నాయి. కుర్రాడి తండ్రి ఓక్ మాస్టారు బడిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరైనవాడు. సూప్ ఇంకా పొగలు కక్కుతుండగానే అడిగాడట: "మీ ఇంటిమాట ఏమిటండీ?"

ఇంటిమాటంటే ఇంటిల్లిపాదీ పట్టుకుని బతకవలసిన ఒక్క వాక్యం. గోడకు వేలాడుతుంది. బడిలో పిల్లల్ని అడుగుతారు కూడా, లేని ఇళ్ళలో అప్పటికప్పుడు ఒకటి పుడుతుంది. మాన్‌బోక్ ఇంట్లో గోడకు వేలాడేవి ఎరువుల కొట్టు క్యాలెండరు, ఎండుమిరప దండలు. అయినా ఛాతీ పొంగించి, "ఏడు తరాల నాటిదండీ! పెద్ద చెక్క మీద చెక్కించి ఉంది" అనేశాడు.

మాస్టారి ముఖం వెలిగిపోయింది. "అయితే వచ్చి చూస్తాను. ఇంటిమాట చూస్తే ఇల్లు చూసినట్టే. పెళ్ళి మాట ఆ తర్వాత అనుకుందాం."

మర్నాడు మాన్‌బోక్ నా అరుగు మీద కూలబడ్డాడు.

"బాబాయ్, నా కూతురి పెళ్ళి ఇప్పుడు ఒక చెక్కకు వేలాడుతోంది. మంచి మాట ఒకటి చెప్పు."

"ఒరేయ్, అబద్ధం చిన్నదాడితే దాచుకోవచ్చు. ఏడు తరాలెందుకురా, రెండు చాలవూ?"

"నోరు జారింది బాబాయ్. బతుకంటే నవ్వుతూ ఉండాలి, ఆడంబరం ఉండకూడదు, అలా వచ్చేట్టు చెప్పు."

చెప్పాను. 'ఉన్నది చాలనుకుందాం, నవ్వుతూ ఒదిగి బతుకుదాం.' అది విని మాన్‌బోక్ కళ్ళు తుడుచుకుని, వడ్రంగి దగ్గరికి పరుగెత్తాడు. ఎంత సైజు కావాలని అడిగితే, "ఏడు తరాలకు తగ్గట్టు" అన్నాడట. దాని కోసం కొట్టిన చెట్టు ఎంతటిదంటే, దాని నీడలో ఏళ్ళ తరబడి కరగని మంచు ఆ మధ్యాహ్నమే కరిగి, మా వాగుకు వరదొచ్చింది. నమ్మనివాళ్ళు వాగునే అడగండి.

చెక్క వచ్చేసరికి మాన్‌బోక్ ఇంట్లో శీతాకాలానికి కిమ్చీ, అదే క్యాబేజీ ఊరగాయ, పెట్టే పని జోరుగా సాగుతోంది. వాకిలంతా క్యాబేజీలు, గంగాళాల్లో కారం ముద్ద, చేతులు మోచేతుల దాకా ఎర్రబడిన ఆడవాళ్ళు. ఆ ఏడు మిరపకాయల ఘాటు ఎలాంటిదంటే, వాటి మీదుగా ఎగిరిన పిచ్చుక ఒకటి తుమ్మి తుమ్మి వెనక్కి ఎగురుకుంటూ పోయింది. ఆ మధ్యలోంచి ట్రాక్టరు మీద ఒదిగి బతకమనే చెక్క వచ్చింది, నల్లటి వార్నీషు, బంగారు అక్షరాలతో. దాన్ని నిలువుగా పెట్టి చూశారు, అడ్డంగా పెట్టి చూశారు, ఏటవాలుగా తోశారు. గుమ్మంలో పట్టలేదు.

"ద్వారబంధం పీకేద్దాం," అన్నాడు మాన్‌బోక్.

కారం చేతులతోనే లేచింది వాళ్ళమ్మ సున్‌రే అవ్వ. "మీ నాన్న నిలబెట్టిన గుమ్మంరా అది. ముట్టుకో చూద్దాం, నిన్నే కారంలో ముంచి జాడీలో కుక్కేస్తాను! ఆ చెక్కనిలా తెండి. క్యాబేజీలు పెట్టుకోడానికి బల్ల చాలక చస్తున్నాం."

రెండు గంగాళాలు బోర్లించి దాని మీద చెక్క పరిచారు. వెనక వైపు ఇనుప కొక్కేలు ఉండడంతో అక్షరాలు పైకే పెట్టారు. చూస్తుండగానే బంగారు అక్షరాల గాడుల్లో కారం ముద్ద నిండిపోయింది.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర ఓక్ మాస్టారూ, ఆయన భార్యా! "వచ్చే వారం వద్దామనుకున్నాం. కిమ్చీ పని అని తెలిసి మా ఆవిడ ఆగలేదండీ. రెండు చేతులు ఎక్కువైతే మంచిదే కదా!"

మాన్‌బోక్ ముఖం తెల్ల ముల్లంగిలా అయిపోయింది. మాస్టారి భార్య అప్పటికే చొక్కా చేతులు పైకి మడిచి క్యాబేజీ ఒకటి అందుకుంది. మాస్టారిని చెక్క ముందు కూర్చోబెట్టి, ఉడికించిన పంది మాంసం, కొత్త కిమ్చీ, బియ్యపు కల్లు పెట్టారు. ఆయన గుమ్మంలోంచి లోపలి గోడల వంక చూశాడు. క్యాలెండరు కనిపించింది.

"ఇంటిమాట ఎక్కడండీ?"

నేను ఒక కథ అందుకోబోయాను గానీ, సొల్‌హీ నన్ను చూసిన చూపుకు నోరు మూసుకున్నాను. మాస్టారు క్యాబేజీ ఆకుతో చెక్క మీది కారం ఊడ్చి నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు. కారం కింద ఒక అక్షరం మెరిసింది. ఇంకో ఆకు తీసి తుడిచాడు. ఇంకో అక్షరం. మెడ వంచి, ముక్కు చెక్కకు ఆనేంత దగ్గరగా వంగి, తుడుస్తూ తింటూ, తింటూ తుడుస్తూ మొత్తం చదివాడు. ఆ తర్వాత ముక్కు ఎగబీల్చాడు.

"ఏడు తరాలైనా వార్నీషు వాసన పోలేదే, బావగారూ!"

మాన్‌బోక్ తల నేలకు దించేశాడు. "అబద్ధమండీ. మాకు ఇంటిమాట లేదు. నా నోరే సరిగ్గా లేదు. నా కూతురికి ఇందులో ఏమీ తెలీదు." సొల్‌హీ కళ్ళలో నీళ్ళు. కారం వల్లనో, మరి దేనివల్లనో.

సున్‌రే అవ్వ అంతా చూసి, ఒక ముక్క మాంసం ఆకులో చుట్టి మనవరాలి నోటి ముందు పెట్టి గట్టిగా అరిచింది:

"ముందు తిను!"

వెంటనే మాన్‌బోక్, అతని పెళ్ళాం, తమ్ముడు, మరదలు, ఏడుస్తున్న సొల్‌హీతో సహా అలవాటుగా ఒక్క గొంతుతో అందుకున్నారు: "తర్వాత ఏడువు!"

ఓక్ మాస్టారు చేతిలో ఆకు అలాగే ఆగిపోయింది. "ఏమిటది?"

"ఏముంది, మా ఇంట్లో రోజూ ఉండేదే," అంది అవ్వ. "వడగళ్ళకు పంట పోయినా ఇదే, పిల్లాడు పరీక్ష తప్పినా ఇదే. కడుపు నిండాక చూస్తే సగం ఏడుపులు కనిపించవు. మా అత్త నాతో అనేది. ఆవిడతో వాళ్ళత్త అనేదట. అంతకు ముందు సంగతి చచ్చినవాళ్ళని అడగాలి."

మాస్టారు కాసేపు నమిలాడు. ఆ ఘాటుకు ఆయన కళ్ళూ ఎర్రబడ్డాయి.

"మా ఇంట్లో గోడ మీద పటం కట్టించి ఉంది ఒక మాట. పెట్టిన రోజు తప్ప ఎవరూ దానివైపు చూసిన పాపాన పోలేదు," అన్నాడు. "చెక్క మీదది వంగి చదివాను. ఈ రెండోది అందరి నోటా విన్నాను. ఏడు తరాలు కాకపోతే పోనీండి. అవ్వగారూ, మా అబ్బాయి కాస్త బక్కగా ఉంటాడు. వాడికీ అదే చెప్పండి."

పెళ్ళి వసంతంలో అయింది. చెక్క ఇప్పటికీ ఇంట్లోకి వెళ్ళలేదు. ఏటా కిమ్చీ పని రోజున గంగాళాల మీదికెక్కుతుంది. ఓక్ మాస్టారు ఏటా వచ్చి దాని ముందు కూర్చుని, ఆకుతో తుడుచుకుంటూ చదువుతాడు. చదివి చదివి ఆయన వీపు గూనిగా మారిపోయిందని, ఇప్పుడు తన చెప్పులతో నేరుగా మాట్లాడుకుంటాడని నేనంటే, సొల్‌హీ నా నోట్లో ఆకు కుక్కేస్తుంది.